చెప్పులకు మాత్రమే ప్రవేశం

దాలమ్మకు యాభై రెండేళ్ళు వచ్చాయి గానీ ఇంతవరకు కాలికి చెప్పు తొడిగిన పాపాన పోలేదు. గవ్వలపేట ఒడ్డున పుట్టింది, ఆ ఒడ్డునే పెళ్ళాడింది. తెల్లవారేసరికి పడవ దగ్గర చేపలు గంపకెత్తుకుని, ఎనిమిది మైళ్ళ అవతల పట్నంలో వీధి వీధీ తిరిగి అమ్ముకుని, ఖాళీ గంప చంకన పెట్టుకుని ఇంటికి చేరేది. ఇసకలో చెప్పులు నడకకు అడ్డం. తారురోడ్డు మీద ఆవిడ పాదానికి మేకు గుచ్చుకుంటే వంగిపోయేది మేకే.

అసలు ఆవిడ ఆస్తి పాదాలు కాదు, గొంతు. "నెత్తళ్ళో! కవ్వళ్ళో!" అని వీధి మొదట్లో ఒక్క కేక వేసిందంటే వీధి చివర పిల్లులు బయల్దేరేవి. రిటైరైన హెడ్మాస్టరుగారొకరు ఆ కేకను బట్టి గడియారం సరిచేసుకునేవారు. మొగుడు నూకరాజును ఎవరైనా "సముద్రం హోరు ఎలా తట్టుకుంటావురా?" అని అడిగితే, "ఇంటికాడ అలవాటయిపోనాది" అనేవాడు.

ఆ గొంతుకు దిష్టి తగిలింది. ఆ తీరంలో ఆడవాళ్ళు చుట్టను తిరగేసి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు దాన్ని. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, చేతులు రెండూ గంప పట్టుకోవడానికి ఖాళీగా ఉంటాయి. ముప్పై ఏళ్ళుగా నిప్పును మేపిన అంగిట్లో ఒక పుండు లేచింది. మూడు నెలలైనా మానలేదు. దగ్గర్లో ఉన్న చిన్నాసుపత్రి డాక్టరమ్మ టార్చి వేసి చూసి, వెంటనే ఆర్పేసింది. ఆర్పేసిన తీరులోనే దాలమ్మకు సగం సంగతి తెలిసిపోయింది.

"దాచడం ఎందుకమ్మా, ఇది చెడ్డ పుండులాగే ఉంది. పెద్దాసుపత్రిలో క్యాన్సరు డాక్టరుగారికి చీటీ రాస్తున్నాను. పద్నాలుగు రోజుల్లోపు ఆవిడ చూస్తే చిన్న ముక్క కోసి తీసేస్తారు. నీ మాట నీకుంటుంది. ఆలస్యమైతే పై దవడ తీయాల్సి వస్తుంది. అప్పుడు మాట ముక్కులోంచి వస్తుంది. కేక వేయడం అనేది ఇంక ఉండదు."

"పద్నాలుగు రోజులెందుకేటి తల్లీ, నాను రేపే ఎల్లిపోతాను" అంది దాలమ్మ.

పాపం, పుండు ముదరడానికి ఎన్నాళ్ళు పడుతుందో అప్పుడే తెలుసుకుంది. ఆఫీసు కదలడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

*

మర్నాడు బుధవారం. ఏ ఆసుపత్రి గుమ్మం మీదనైనా "చెప్పులు బయట విడువవలెను" అని ఉంటుంది. పెద్దాసుపత్రి క్యాన్సరు విభాగం గుమ్మం మీద "చెప్పులకు మాత్రమే ప్రవేశం" అని ఉంది. దాలమ్మకు చదువు రాదు కాబట్టి తిన్నగా లోపలికి వెళ్ళబోయింది. గుమ్మం పక్క బల్ల వేసుకుని కూర్చున్న పెద్దమనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన పేరు పరాంకుశం. హోదా, నిరీక్షణా నివారణాధికారి. అంతకు ముందు ఇరవై ఏళ్ళు విరిగిన మంచాల స్టోరు చూసుకున్నారు.

"ఏమమ్మా, చెప్పులేవీ?"

"నాకు సెప్పుల్నేవు బాబూ. నోట్లో పుండున్నాది. సీటీ ఇచ్చినారు."

"చీటీ సరే. చెప్పులు లేకుండా ఎలా వచ్చావు?"

"నడిసొచ్చినాను."

పరాంకుశంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూడమ్మా. ఈ విభాగంలో రోగులు వేచియుండుట అనేది నిర్మూలించబడినది. వేచియుండవలసినవి పాదరక్షలు. పాదరక్షలు లేని పక్షంలో తమ తరఫున వేచియుండుటకు ఎవరూ లేరు. ఎవరూ వేచియుండని పక్షంలో తమ వంతు రానేరదు. ఇందులో నా స్వంత అభిప్రాయం ఏమీ లేదు."

దాలమ్మ అటూ ఇటూ చూసింది. లోపల పొడుగాటి వసారా నిండా చెప్పులు. రబ్బరు చెప్పులు, తోలు చెప్పులు, తాడుతో కుట్టినవి, పిన్నీసు గుచ్చినవి. ఒక్కోదానికి ఒక్కో నంబరు చీటీ. మనిషన్నవాడు లేడు.

దీని వెనక ఒక చరిత్ర ఉంది. మన వైపు వరసలో నిలబడడం అంటే మనిషే నిలబడాలని లేదు. గ్యాసు బండల దగ్గర గానీ, రేషను కొట్టు దగ్గర గానీ పొద్దున్నే వచ్చి, చెప్పులు వరసలో విడిచి, పక్కవాడితో "కాస్త చూస్తూ ఉండండి" అని చెప్పి టీ తాగడానికి వెళతాం. పక్కవాడూ తన చెప్పులు విడిచి మన వెనకే వస్తాడు. మోచేత్తో మనుషుల్ని నెట్టి ముందుకు పోయేవాడు కూడా చెప్పుల్ని దాటి పోడు. మనిషికి లేని మర్యాద చెప్పుకు ఉంది.

నాలుగు నెలల క్రితం సర్కారు వారు ఒక ఉత్తరువు తెచ్చారు. క్యాన్సరు అనుమానంతో పంపిన ఏ రోగీ నిపుణుల కోసం పద్నాలుగు రోజులకు మించి వేచియుండరాదని. మంచి ఉత్తరువే. ఉన్న ఒక్క డాక్టరుకు తోడు ఇంకొకరిని వేస్తే అమలైపోయే ఉత్తరువు. అయితే డాక్టరును వేయడానికి వేరే ఉత్తరువు కావాలి. అది రాలేదు. తనిఖీ చేయడానికి మాత్రం ముగ్గురు సభ్యుల సంఘం వచ్చింది. వాళ్ళు వచ్చిన వేళకు, వరసలో ఉన్న రెండు వందల మందీ ఎదురు సత్రంలో పులిహోర పెడుతున్నారని తెలిసి, చెప్పులు వరసలో విడిచి అటు పరుగెత్తారు. సంఘానికి తలలు లెక్కపెట్టమని ఆదేశం. అక్కడ తల ఒక్కటీ లేదు. కాళ్ళకు సంబంధించినవి లెక్కపెట్టమని వాళ్ళకెవరూ చెప్పలేదు. "వేచియున్న రోగులు: శూన్యం" అని రాసుకుని, పులిహోర తిని వెళ్ళిపోయారు.

నెల తిరక్కుండా ఆసుపత్రికి రాష్ట్రంలో మొదటి బహుమతి వచ్చింది. సూపరింటెండెంటుగారు షీల్డు అందుకుని, "శూన్యం మన దేశం ప్రపంచానికిచ్చిన కానుక. దానిని రోగులకు అందించిన ఘనత మన ఆసుపత్రిది" అని ప్రసంగించారు. ఇంటికి వచ్చాక ఆయనకు చెమటలు పట్టాయి. వచ్చిన శూన్యాన్ని నిలబెట్టుకోవడం ఎలా? పులిహోర రోజూ పెట్టరు గదా. అప్పుడే పరాంకుశంగారిని మంచాల స్టోరు నుంచి పైకి తెచ్చారు. రోగులు ఇళ్ళకు పోవలెను, చెప్పులు వరసలో ఉండవలెను అని ఆయన ఒకే వాక్యంలో సమస్య పరిష్కరించారు.

*

దాలమ్మ ఎదురుగా పేవుమెంటు మీద నీలం రబ్బరు చెప్పులు ఒక జత కొని, చేత్తో పట్టుకుని తెచ్చింది. పరాంకుశంగారు వాటిని తిరగేసి, వేలితో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు.

"ఇవి కొత్తవి. ఇందులో తమ పాదముద్ర లేదు. పలుకుబడి గలవారు తలకొక పది జతలు పెట్టి వెళుతున్నారు. బినామీ చెప్పులను అరికట్టవలసిన బాధ్యత మాపై ఉన్నది. మూడు దినములు ధరించి, అరుగుదల చూపించిన మీదట స్వీకరించబడును."

"రోగం నాదా, సెప్పులదా బాబూ?"

"ఆ విషయం నిపుణులు తేలుస్తారు" అన్నారు పరాంకుశంగారు గంభీరంగా.

మూడు రోజులు దాలమ్మ చెప్పులు తొడుక్కుని ఆసుపత్రి చుట్టూ ప్రదక్షిణాలు చేసింది. యాభై రెండేళ్ళు ఏ ముల్లుకూ లొంగని పాదాలు రబ్బరు వారుకు లొంగిపోయాయి. వేళ్ళ సందున రెండు, మడమ మీద ఒకటి బొబ్బలు లేచాయి. కుంటుతూ నడుస్తుంటే చర్మ విభాగం నర్సు చూసి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, పది నిమిషాల్లో మందు రాసి, కట్టు కట్టి, సూది మందు పొడిచి పంపింది. నోట్లో చావును పెట్టుకుని వచ్చిన మనిషికి కాలి బొబ్బ మీద అంత శ్రద్ధ జరిగింది. దాలమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియక, ఆ నర్సును దీవించి వచ్చింది.

నాలుగో రోజున చెప్పులు స్వీకరించబడ్డాయి. నంబరు నూట నలభై మూడు. పరాంకుశంగారు చీటీ ఇస్తూ, "ఇక తమరు నిశ్చింతగా వెళ్ళవచ్చు. ఈ క్షణం నుండి తమరు వేచియుండుట లేదు" అన్నారు.

"మరి నా వంతు వొచ్చినట్టు నాకెవులు సెప్తారు?"

"కబురు చేయడమంటే తమరు ఎదురుచూస్తున్నారని మేము ఒప్పుకున్నట్టు అవుతుంది. అది కుదరదు."

కబురు రాదంటే కదలడం ఎలా? దాలమ్మ సైకిళ్ళ షెడ్డులో చాప పరుచుకుంది. అక్కడ ఆవిడ లాంటివాళ్ళు నూట యాభై మంది దాకా ఉన్నారు. ఆసుపత్రి ఆవరణలో రోగులు వేచి ఉండకూడదు కాబట్టి, గేటు వాచ్‌మన్‌ ఎవరని అడిగితే అందరూ ఒకే మాట చెప్పేవారు. "మా సెప్పులు లోపలున్నాయి బాబూ, మేం అటెండెంట్లం." అటెండెంట్లకు పాసులుండేవి. సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా చెప్పులను చూసే వేళలు. ఆ గంటా వాళ్ళు లోపలికి వెళ్ళి, తమ చెప్పులు ఎంత ముందుకు జరిగాయో చూసుకుని, నిట్టూర్చి వచ్చేవారు. ఒక స్టాఫు నర్సు రోజుకు రెండుసార్లు వరస వెంట తిరిగి, చెప్పుల వారు బిగువు, అరుగుదల చూసి నంబరు నంబరుకూ రాసుకునేది.

*

ఏడో రోజు మంగళవారం. ఆ విభాగంలో ఉన్న ఒకే ఒక్క క్యాన్సరు డాక్టరు మృణాళినిగారు మంగళ, శుక్రవారాలు మాత్రమే రోగుల్ని చూస్తారు. మిగిలిన రోజుల్లో ఆవిడ నిరీక్షణ తగ్గింపు సమీక్షా సమావేశాలకు హాజరవుతారు. వరస కదులుతుందని దాలమ్మ పొద్దుటి నుంచీ ఆశగా ఉంది. అయితే ఆ మంగళవారమే చెప్పుల కోసం కట్టిన చల్లని హాలుకు ప్రారంభోత్సవం పెట్టారు. ఎవరో దాతలు ఏసీలు, అద్దాల అల్మైరాలు ఇచ్చారు. మంత్రిగారు రిబ్బను కత్తిరించాలి. జిల్లాలో కత్తి పట్టి కణితి తీయగల ఆ ఒక్క డాక్టరూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కత్తెర పళ్ళెం పట్టుకుని మంత్రిగారి కోసం నిలబడింది. ఆయన ఆరు గంటలు ఆలస్యంగా వచ్చారు. ఆవిడ రోగి కాదు కాబట్టి అది నిరీక్షణ కింద లెక్కకు రాలేదు.

హాలు మాత్రం చూడముచ్చటగా ఉంది. చెప్పులన్నీ అద్దాల అరల్లోకి ఎక్కాయి. షెడ్డులో మనుషులకు రేకుల వేడి, లోపల చెప్పులకు చలి. "పెట్టి పుట్టినాయి" అంది దాలమ్మ తన నీలం జతను చూసి.

ఆ రోజే గవరయ్య వచ్చాడు. మెట్టవలసలో కొబ్బరి దింపులు తీసేవాడు. అరవై దాటాయి, మనిషి ఎండుపుల్ల. గొంతులో గడ్డ. గంజి తప్ప దిగదు, అదీ గుటకకో నిమిషం పడుతుంది. ఆయన చెప్పులు లారీ టైరు కోసి తనే చేసుకున్నవి, ఒక్కోటి అర వీశె బరువు. అరుగుదల పరీక్షలో అవి అప్పటికప్పుడే నెగ్గాయి. నంబరు నూట డెబ్బై ఒకటి.

"ఇవి నాకంటే గట్టివి సెల్లే" అన్నాడు గవరయ్య షెడ్డులో కూర్చుని, మాట మాటకూ ఆగుతూ. "నాను సెట్టెక్కితే ఈ జోళ్ళు కింద ఇడుత్తాను. జోళ్ళు కిందున్నాయంటే గవరయ్య పైనున్నాడని ఊరందరికీ ఎరికే. ఎవులూ సెట్టు కిందకి రారు, కాయ నెత్తి మీద పడద్దని."

దాలమ్మ ఆయనకు రోజూ గంజి వడకట్టి పట్టేది. తన పుండు మండుతున్నా మాటలు మాత్రం ఆపేది కాదు. ఇంకెన్నాళ్ళు ఉంటాయో తెలియని మాటల్ని దాచుకోవడం ఎందుకని ఆవిడ లెక్క. గవరయ్య వినేవాడు. వినడానికి గొంతు అక్కర్లేదు గదా.

పదో రోజు శుక్రవారం కూడా వరస కదల్లేదు. మృణాళినిగారిని రాజధానికి పిలిపించుకున్నారు, నిరీక్షణ లేని వైద్యం ఎలా సాధించారో చెప్పమని. గవరయ్యకు ఆ పూట గంజి కూడా దిగలేదు. "ఇంటికాడ ఆవుకి ఈత దగ్గరున్నాది. మా ఇంటిది నూకాలొక్కర్తే. సోమారం వొచ్చెత్తాను. జోళ్ళు సూత్తుండు సెల్లే" అని చెప్పి, అట్టముక్కలు కాళ్ళకు కట్టుకుని బస్సెక్కాడు.

సోమవారం గవరయ్య రాలేదు. మెట్టవలస బస్సు కండక్టరు చెప్పాడు. "ఆయనా? శనివారం పొద్దున్నే పోనాడమ్మా. గుక్కెడు నీళ్ళు కూడా దిగనేదట."

దాలమ్మ ఆయన కోసం వడకట్టి ఉంచిన గంజి మట్టిలో పారబోసింది. తర్వాత లేచి తిన్నగా పరాంకుశంగారి బల్ల దగ్గరకు వెళ్ళింది.

"బాబూ, నూట డెబ్బై ఒకటి సచ్చిపోనాడు."

పరాంకుశంగారు కంగారుగా రిజిస్టరు తెరిచి, పొద్దుటి నర్సు రిపోర్టు చూసి, తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. "పుకార్లు నమ్మకమ్మా. నూట డెబ్బై ఒకటి నిలకడగా ఉంది. వారు గట్టిగా ఉంది, అరుగుదల లేదు. ఇంత ఆరోగ్యవంతమైన జత మొత్తం హాల్లో లేదు."

దాలమ్మకు కోపం వచ్చింది. నోటి నిండా మాటలు వచ్చాయి. గంప దించి వీధంతా వినేటట్టు తిట్టగల మనిషి ఆవిడ. కానీ ఆ ముఖంలోకి చూసి ఊరుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఊదినవాడి ఊపిరే దండగ. రేపటితో పద్నాలుగు రోజులు. ఊపిరి దాచుకోవాలి.

*

సూపరింటెండెంటుగారికీ ఆ సోమవారమే గుబులు పట్టింది. మొదటి నూట యాభై జతలకు పద్నాలుగు రోజుల గడువు మీద పడుతోంది. పైగా బహుమతి ఇచ్చిన సంఘం మంగళవారం మళ్ళీ వస్తోంది. పరాంకుశంగారు ఉత్తరువును అక్షరం అక్షరం చదివి, మళ్ళీ ఒకే వాక్యంలో పరిష్కరించారు.

"నిపుణులు పద్నాలుగు రోజుల్లోగా చూడవలెను అని ఉన్నది సార్. ఏమి చూడవలెనో లేదు."

కాబట్టి మంగళవారం పదకొండు గంటలకు మృణాళినిగారు అల్మైరాల వెంట నడుస్తూ ఒక్కో జత మీదా దృష్టి సారించాలి. సారించిన జత మీద "చూడబడినది" అని ముద్ర పడుతుంది. నూట యాభై జతలకు పావుగంట చాలు. డాక్టరుగారు చెప్పి చూసింది, అరిచి చూసింది. చివరికి, నడవకపోతే క్రమశిక్షణా చర్య అని కాగితం చేతికి ఇచ్చారు.

మంగళవారం పదకొండు కొట్టింది. ముందు సూపరింటెండెంటుగారు, వెనక సంఘం సభ్యులు ముగ్గురు, వాళ్ళ వెనక తెల్లకోటులో మృణాళినిగారు తల దించుకుని, ఆఖరున ముద్ర పట్టుకుని పరాంకుశంగారు. చూడబడినది, చూడబడినది, చూడబడినది. వంద దాటారు. నూట నలభై రెండు కూడా చూడబడింది.

నూట నలభై మూడో అరలో దాలమ్మ ఉంది.

ముద్రల సంగతి తుడిచేవాళ్ళ దగ్గర విని, పొద్దున్న వాళ్ళతో పాటు లోపలికి దూరి, అద్దం జరిపి, కింది అరలో మోకాళ్ళు గడ్డానికి ఆనించి ముడుచుకుని కూర్చుంది. నీలం చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. నంబరు చీటీ కాలి బొటనవేలికి కట్టుకుంది. కన్ను కూడా ఆర్పడం లేదు.

సంఘం పెద్ద ఆగాడు. "ఇదేమిటి?"

సూపరింటెండెంటుగారి ముఖం పాలిపోయింది. మనిషి అంటే వేచియున్న రోగులు ఒకటి అవుతుంది. ఒకటి అయితే షీల్డు పోతుంది. పరాంకుశంగారు ముందుకు వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"జత సార్. సైజు కొంచెం పెద్దది."

సంఘం పెద్ద కళ్ళజోడు సవరించుకుని తేరిపార చూశాడు. వచ్చే నెలలో ఆయన రిటైరవుతున్నాడు. "మంచి నాణ్యత" అని రాసుకుని ముందుకు కదిలాడు.

కదలనిది మృణాళినిగారు ఒక్కతే. అర ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కోటు జేబులోంచి టార్చి తీసింది.

"నోరు తెరువమ్మా."

దాలమ్మ నోరు తెరిచింది. డాక్టరుగారు చాలాసేపు చూసింది. టార్చి ఆర్పలేదు. "డాక్టర్, దృష్టి సారించుట అయిపోయినది కదా" అన్నారు పరాంకుశంగారు వెనక నుంచి.

"ఉండండి. వారాలైంది నేను ఒక నోరు చూసి" అందావిడ. "ఎన్నాళ్ళయిందమ్మా చీటీ ఇచ్చి?"

"పద్నాలుగు రోజులు తల్లీ. ఈయేళతో సరి."

"ఇంకా ఎముకకు పట్టలేదు. రేపు పొద్దున్నే కోసేస్తాను. మీ అందరికీ చెబుతున్నా, ఈ చెప్పుల జతను ఇప్పుడే వార్డులో చేర్చుకుంటున్నాను."

దాలమ్మ ఏడ్చింది. పద్నాలుగు రోజుల్లో అదే మొదటిసారి. చెప్పులు ఏడవకూడదని నియమం అప్పటికింకా రాలేదు.

మర్నాడు ఆపరేషను జరిగింది. కేసు కాగితంలో "జత: 143. రంగు: నీలం. వయస్సు: పదిహేను రోజులు. శస్త్రచికిత్స విజయవంతం" అని రాశారు. ఆ కబురు షెడ్డుకు పాకింది. శుక్రవారం పొద్దున్న చూస్తే నలభై అరల్లో నలభై మంది ముడుచుకుని కూర్చుని ఉన్నారు. ఎవర్నీ దింపడానికి వీల్లేదు, దింపితే మనుషులని ఒప్పుకున్నట్టే. పరాంకుశంగారు సర్క్యులరు తీశారు. "అరలలో ఉన్న పాదరక్షలు మాట్లాడరాదు, దగ్గరాదు, మూలుగరాదు." మృణాళినిగారు ఒక్కో అర ముందు మోకాళ్ళ మీద కూర్చుని, సాయంత్రం దాకా నలభై నోళ్ళూ గొంతులూ రొమ్ములూ చూసింది. రిజిస్టరులో మాత్రం ఎప్పటిలాగే శూన్యం.

*

ఇరవయ్యో రోజు సోమవారం దాలమ్మను ఇంటికి పొమ్మన్నారు. అంగిట్లో దూది కుక్కి, పది రోజులు నోరు మెదపవద్దన్నారు. ఆ తర్వాత కేక ఎప్పటిలాగే వస్తుందని మృణాళినిగారు చెయ్యి పట్టుకుని చెప్పింది. దాలమ్మ నీలం చెప్పులు చేత్తో పట్టుకుని, ఉత్తి కాళ్ళతో తిన్నగా చల్లని హాలుకు వెళ్ళింది. నూట డెబ్బై ఒకటో అర ముందు ఆగింది. టైరు జోళ్ళు దుమ్ము దులిపి, పాలిష్ పెట్టి, నిగనిగలాడుతున్నాయి. దాలమ్మ వాటిని చూపించి, దూరంగా కిటికీలోంచి కనిపించే బస్సుల వైపు చూపించింది. మెట్టవలసలో నూకాలుకు ఇచ్చి వస్తానని ఆవిడ సైగ.

పరాంకుశంగారు రిజిస్టరు తిప్పి చూసి, తల అడ్డంగా ఊపారు.

"వీల్లేదమ్మా. రేపు మంగళవారం పదకొండు గంటలకు ఈ జతకు డాక్టరుగారి దృష్టి ఉంది. చూసుకో, రేపటికి సరిగ్గా పద్నాలుగో రోజు." ఆయన ముఖంలో నిజమైన సంతోషం కనిపించింది. "ఒక్క రోజు కూడా ఆలస్యం కానివ్వలేదు."

జన్మలో మొదటిసారి దాలమ్మకు నోరు లేదు. చెప్పడానికి మాత్రం బోలెడు ఉంది. జోళ్ళు కిందున్నాయంటే గవరయ్య పైనున్నాడని ఈ మనిషికి ఎవరు చెప్పాలి?

ఆవిడ అద్దం జరిపింది. టైరు జోళ్ళు తీసి నేల మీద పెట్టింది. మెల్లగా కాళ్ళకు తొడుక్కుంది. వెనక నాలుగు వేళ్ళ జాగా మిగిలిపోయింది. అడుగు వేస్తే హాలంతా మోగింది. పరాంకుశంగారు లేచి నిలబడ్డారు గానీ ఏమని ఆపాలో తోచలేదు. దాలమ్మను ఆపుదామంటే ఆవిడ డిశ్చార్జి అయిన మనిషి. జతను ఆపుదామంటే, నడిచే జతను ఆపడానికి నియమం లేదు. గేటు దగ్గర వాచ్‌మన్‌ కూడా కాళ్ళ వంక చూసి దారి ఇచ్చాడు. టపా, టపా అని ఆ చప్పుడు రోడ్డు దాటి, మెట్టవలస బస్సు మెట్లెక్కి ఆగిపోయింది.

పరాంకుశంగారు రిజిస్టరు ముందుకు లాక్కుని, గవరయ్య పేరుకెదురుగా గుండ్రటి దస్తూరీతో ఇలా రాసుకున్నారు.

"171వ జత ఈ దినము తనంతట తాను నడిచి వెళ్ళినది. పూర్తి ఆరోగ్యము చేకూరినట్లు భావించి కేసు ముగించడమైనది. నిరీక్షణ: శూన్యం."